మాట లేని మనసు, మాటలాడే యంత్రం
(పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు)

ఈ నెల ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఒకచోట చేర్చి సమాధానం ఇస్తున్నాను. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం నుంచి రాసిన ఈ నలుగురూ ఒకరినొకరు ఎరుగరు గాని, వారి ప్రశ్నలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. మనసుకూ పదార్థానికీ ఉన్న సంబంధమేమిటి, యంత్రాలు మాట్లాడడం మొదలుపెట్టిన ఈ కాలంలో దానిని ఎలా అర్థం చేసుకోవాలి అన్నదే ఆ విషయం. ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: మా నాన్నగారు చాలా ఏళ్లు బడిపంతులుగా పనిచేశారు. తెలుగు, ఒడియా రెండూ సమానంగా మాట్లాడేవారు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఇప్పుడు ఏమి అడిగినా ‘అదే... అదే...’ అన్న ఒక్క మాటే వస్తుంది. ఒడియాలో అడిగితే ఒక్కొక్కసారి ‘హఁ’ అంటారు. అయితే చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న పద్యాన్ని నేను ఎత్తుకుంటే మాత్రం రాగంతో సహా చివరిదాకా చదువుతారు. చూడవచ్చిన చుట్టాలు ఆయన ఎదుటే ‘పాపం, ఈయనకు ఇంకేం తెలుస్తుంది’ అంటున్నారు. అదే ఇంట్లో మా అబ్బాయి ఫోనులోని ఏఐతో గంటల తరబడి మాట్లాడుతూ, అది తనను బాగా అర్థం చేసుకుంటుందని చెబుతున్నాడు. మాట పోయిన మా నాన్నగారికి మనసు లేదనీ, మాటలాడే ఫోనుకు ఉందనీ అనుకోవడం నాకు మింగుడు పడడం లేదు. కాని నా పక్షాన ఆధారమేమిటో చెప్పలేకపోతున్నాను.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, మీ పక్షాన ఆధారాలు చాలా ఉన్నాయి. వాటిని చెప్పే ముందు, ఎదుటి పక్షం ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చూడాలి.

మనసు ఉన్నదీ లేనిదీ మాటను బట్టి తేల్చవచ్చునన్న ఆలోచన ఈనాటిది కాదు. ఫ్రెంచి తాత్త్వికుడు దెకార్త్ 1637లోనే దానిని స్పష్టంగా రాశాడు. మనిషి ఆకారంలో ఎంత నేర్పుగా యంత్రాన్ని తయారుచేసినా, తన ఎదుట అన్న ప్రతి మాటకూ తగినట్లు పదాలను కూర్చి బదులు చెప్పడం దానికి చేతకాదని, అందువల్ల అది మనిషి కాదని ఇట్టే తెలిసిపోతుందని ఆయన వాదం. ఆ కొలబద్దనే పశుపక్ష్యాదులకు కూడా పెట్టి, అవి మాట్లాడలేవు గనుక వాటికి ఆలోచన లేదని తేల్చేశాడు. 1950లో ఇంగ్లండుకు చెందిన గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ యంత్రాల పట్ల దెకార్త్‌కు పూర్తిగా విరుద్ధమైన అభిప్రాయంతో ఉన్నప్పటికీ, పరీక్షగా మాత్రం రాతపూర్వకమైన సంభాషణనే ఎంచుకున్నాడు. తెర వెనుక ఉన్నది మనిషో యంత్రమో జవాబులను బట్టి పోల్చుకోలేకపోతే, యంత్రం ఆలోచించడం లేదనడానికి మనకు కారణం ఏముందని ఆయన అడిగాడు. ఇద్దరి తీర్పులూ వేరైనా, ఇద్దరూ సాక్షిగా నిలబెట్టింది మాటనే.

ఇప్పుడు ఆ సాక్షి మనకు పనికిరాకుండా పోయింది. యంత్రానికి ఎన్నటికీ చేతకాదని దెకార్త్ అన్న పనిని మీ అబ్బాయి చేతిలోని ఫోను చేస్తున్నది. అటువంటప్పుడు ఫోనుకు మనసు ఉందని ఒప్పుకోవాలి, లేదా మాట మనసుకు నమ్మదగిన సాక్ష్యం కాదని ఒప్పుకోవాలి. నేను రెండవదానినే ఒప్పుకుంటాను. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఎదుటివారు టైపు చేసిన వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా అప్పగించడం తప్ప దానికి మరేమీ తెలియదు. అది తయారవుతున్నంతకాలం దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శి సైతం, దానితో నాలుగు మాటలు మాట్లాడగానే, కాసేపు మమ్మల్ని ఏకాంతంగా వదిలి బయటికి వెళ్లండని ఆయననే కోరిందట. ఇది ఆమె అమాయకత్వం అనుకోకూడదు. మాట వినబడితే దాని వెనుక ఒక మనిషిని ఊహించడం మన స్వభావం; ఆ స్వభావమే లేకపోతే పసిబిడ్డల ముద్దుమాటలకు అర్థం చెప్పుకోగలిగేవాళ్లమే కాదు.

ఈనాటి ఏఐ ఎలైజా కంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. మనుషులు రాసిన అపారమైన రాతను దానికి చూపించి, ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో ఊహించేటట్లు దానిలోని కోటానుకోట్ల సంఖ్యలను సవరిస్తూ పోతారు. ఆ సవరణ నుంచి పుట్టిన సామర్థ్యం నిజమైనదే, ఉపయోగకరమైనదే, నేను దానిని తక్కువ చేయను. కాని మీ అబ్బాయి ‘బాధగా ఉంది’ అని రాసినప్పుడు అది ఇచ్చే ఓదార్పు, బాధలో ఉన్నవారిని ఓదార్చిన లక్షలాది మనుషుల రాతలో నుంచి వచ్చినది. జవాబు తప్పినా, సగంలో కరెంటు పోయినా దానికి పోయేదేమీ లేదు. దానికి ఆకలి లేదు, కాపాడుకోవలసిన ఒళ్లు లేదు.

ఇక మాట పోయినవారి సంగతి. 1861లో పారిస్ దగ్గరి బిసేత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్న ఆ మనిషి ఏమి అడిగినా ‘తాన్’ అన్న ఒక్క శబ్దమే చేసేవాడు. మీ నాన్నగారి ‘అదే’ వంటిదే. అయితే తనతో అన్నదానిలో చాలామటుకు అతనికి అర్థమయ్యేది, చేతి సైగలతో జవాబులు చెప్పేవాడు. అతను చనిపోయిన తర్వాత మెదడును పరీక్షిస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ కనిపించింది. మెదడులో మాటకు ఒక చోటు ఉందని వైద్యశాస్త్రం గట్టిగా చెప్పగలిగింది అప్పటి నుంచే. అదే పరిశీలన నుంచి మరో సంగతి కూడా తేలుతుంది, దానిని మనం తరచు మరచిపోతాం: ఆ చోటు దెబ్బతిన్నంత మాత్రాన మిగిలిన మనసంతా పోదు. ఈ శతాబ్దంలో ఇంగ్లండులో జరిగిన పరీక్షలలో, వాక్యనిర్మాణాన్ని అర్థం చేసుకునే శక్తి దాదాపు పోయిన రోగులు సైతం కూడికలు, తీసివేతలు, కుండలీకరణాలు ఉన్న లెక్కలు చేయగలిగారు. ఆలోచనకూ భాషకూ మెదడులో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయనడానికి ఇంతకంటే తేటగా చెప్పే నిదర్శనం నాకు తెలియదు.

ఇంకొక ఉదాహరణ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ యంత్రమే మాట లేని మనసు పక్షాన సాక్ష్యం చెప్పింది. రోడ్డు ప్రమాదం తర్వాత కళ్లు తెరిచి ఉన్నా ఏ స్పందనా లేక పడివున్న 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకోమని వైద్య పరిశోధకులు అడిగారు. ఆరోగ్యవంతులు అలా ఊహించుకున్నప్పుడు మెదడులో ఏ భాగం చురుకవుతుందో, ఆమెలోనూ అదే భాగం చురుకైంది. ఇంట్లో గది నుంచి గదికి నడుస్తున్నట్లు ఊహించుకోమంటే మరో భాగం చురుకైంది. ఏడ్రియన్ ఓవెన్ బృందం 2006లో ప్రకటించిన ఈ ఫలితం తర్వాత ఇటువంటి పరీక్షలు చాలా జరిగాయి. పిలుపుకు పైకి స్పందించని 241 మందిని పరీక్షించగా 60 మంది మెదళ్లు లోలోపల చెప్పినట్లు చేస్తున్నాయని 2024లో ఒక పెద్ద అధ్యయనం తెలిపింది. నలుగురిలో ఒకరు. మంచం పక్కన నిలబడి ‘ఈయనకు ఇంకేం తెలుస్తుంది’ అనే ముందు ఈ లెక్కను తలచుకోవడం మంచిది.

మీ ఊరి పెద్దాయననే తీసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాష కోసం కొండలు పట్టి తిరిగి, మలేరియా తెచ్చుకుని, దానికి వేసుకున్న క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను చెవితో విని పట్టుకోవలసిన మనిషికి చెవి పోవడం కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన పని ఆగలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ తర్వాత వెలువడ్డాయి. ఒక రసాయనం దేహంలోని ఒక ద్వారాన్ని మూసివేసింది. పదార్థానికి మనసు మీద అధికారం ఉందని అది నిజంగానే నిరూపించింది గాని, ఒక ద్వారం మూసుకుపోతే ఇల్లు ఖాళీ అయిందని నిరూపించలేదు.

మనసుకు గుర్తు మాట కాకపోతే మరేమిటని మీరు అడగవచ్చు. నా ఉద్దేశంలో, నొప్పి కలగడానికి, ఆకలి వేయడానికి, ఒకటి కావాలనిపించి మరొకటి వద్దనిపించడానికి వీలున్న ప్రాణమే మనసుకు మొదటి ఆనవాలు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు అన్నం మాని నీళ్లు మాత్రం తాగి ఉండమంటాడు. ఆ తర్వాత వేదం చెప్పమంటే కొడుక్కు ఏదీ తోచదు. అన్నం తిని వచ్చాక అన్నీ తోస్తాయి. మనసు అన్నమయమని తండ్రి అప్పుడు చెబుతాడు. మన పెద్దలు మనసును గాలిలో నిలబెట్టలేదు, అన్నం తినే దేహంలోనే నిలబెట్టారు. మీ నాన్నగారికి ఆ దేహం ఉంది. చుట్టాల మాట చెవిన పడితే నొచ్చుకునే శక్తి ఉంది.

ఇప్పుడు చేయవలసినవి. ఆయనకు ఎంతవరకు అర్థమవుతున్నదో దూరం నుంచి నేను చెప్పకూడదు. కొందరికి మాటతో పాటు మాటను గ్రహించే శక్తి కూడా కొంత దెబ్బతింటుంది. నాడీ వైద్యుడికీ, స్పీచ్ థెరపిస్టుకూ చూపించి ఆ సంగతి తేల్చుకోండి. రెండు భాషలు వచ్చినవారికి రెండూ ఒకేలా తిరిగి రాకపోవడం వైద్యులు నూరేళ్లకు పైగా గమనిస్తున్న విషయం గనుక, రెండు భాషల్లోనూ పరీక్షించమని అడగండి. పద్యం రావడం యాదృచ్ఛికం కాదు: రాగం, కంఠస్థమైన పాఠం మెదడు ఎడమభాగం మీద మాత్రమే ఆధారపడవు. దీని ఆధారంగానే చిన్నచిన్న మాటలను రాగయుక్తంగా పలికించే చికిత్సను 1973లో అమెరికాలో రూపొందించారు. మంచినీళ్లు, అన్నం, నొప్పి, నిద్ర వంటివాటి బొమ్మలు అట్టమీద గీసి ఆయన ఎడమచేతికి అందేటట్లు పెట్టండి. ఒకసారి ఒకే ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగండి. ఆ ‘అదే’ను ఆయన ఎన్ని స్వరాలలో అంటున్నారో శ్రద్ధగా వింటే, కోపంతో అన్నదీ, కావాలని అన్నదీ, వద్దని అన్నదీ మీకు కొద్దిరోజుల్లో విడివిడిగా తెలుస్తాయి. చుట్టాలకు మాత్రం మొగమాటం లేకుండా చెప్పండి: ఆయన గురించి కాక ఆయనతోనే మాట్లాడమని.

అబ్బాయిని కోప్పడకండి. తాతగారి కోసం ఆ బొమ్మల అట్టను ఫోనులో తయారుచేయగలడేమో అడగండి.

ప్రశ్న: పూరీలో 2015లో జరిగిన నవకళేబర ఉత్సవంలో పాత దారువిగ్రహాలలోని బ్రహ్మపదార్థాన్ని కొత్త విగ్రహాలలోకి మార్చారు. అదేవిధంగా మనిషి మెదడులోని సమాచారాన్నంతా చదివి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, దేహం పోయినా మనసు కొనసాగుతుందని కొందరు అంటున్నారు. మెదడు హార్డ్‌వేర్, మనసు సాఫ్ట్‌వేర్ అనుకుంటే ఇది సాధ్యమే కదా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, బరంపురం

సమాధానం: మీరు తెచ్చిన పోలికలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. నవకళేబరంలో దైతాపతులనే ఆలయ సేవకులు కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు వస్త్రం చుట్టుకుని, నడిరేయి మార్చే ఆ పదార్థం ఒక్కటే. అది కొత్త విగ్రహంలోకి చేరిన తర్వాత పాతది ఖాళీ అవుతుంది. దానిని ఆలయ ఆవరణలోని కోయిలీ వైకుంఠమనే చోట సమాధి చేస్తారు. కంప్యూటర్‌లోకి ఎక్కించడం అటువంటిది కాదు. అక్కడ జరిగేది నకలు తీయడం. మీరు కుర్చీలో కూర్చుని ఉండగా మీ మెదడు నకలు తెరమీద కళ్లు తెరిచిందనుకోండి, మీరు కుర్చీలోనే ఉంటారు, మీ తలనొప్పి మీకే ఉంటుంది. ఆ తర్వాత కుర్చీలోని మనిషి చనిపోతే చనిపోయినది మీరే. తెరమీద ఉన్నది మీ జ్ఞాపకాలన్నీ ఉన్న మరొకరు కావచ్చు, ఎవరూ కాకపోనూవచ్చు. మరణం తప్పుతుందన్న ఆశతో ఎవరైనా ఇందులో డబ్బు పెడుతుంటే, ఈ తేడా వారికి తెలియాలి.

ఇక సాధ్యాసాధ్యాల మాట. ఒక మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే నులిపురుగులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, 302 మాత్రమే. వాటి అల్లిక పటం 1986లోనే అచ్చయింది. అయినా ఆ పటం ఒక్కటే చూసి ఆ పురుగు తర్వాతి క్షణంలో ఏమి చేస్తుందో పూర్తిగా చెప్పగల కంప్యూటర్ నమూనా ఇంతవరకు లేదు. పండ్ల ఈగ మెదడు మొత్తం పటం, సుమారు 1,40,000 న్యూరాన్లతో, 2024లో పూర్తయింది. మనిషి మెదడులో ఉన్నవి దాదాపు 8,600 కోట్లు. సంఖ్య ఒక్కటే కష్టం కాదు. న్యూరాన్ల మధ్య తీగలు ఎక్కడ కలిశాయో తెలిసినంత మాత్రాన, వాటి చుట్టూ ప్రవహించే రసాయనాలు, హార్మోన్లు, పేగుల నుంచి, గుండె నుంచి నిరంతరం వచ్చే సంకేతాలు పటంలోకి రావు. కంప్యూటర్‌లో ప్రోగ్రాంను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చగలగడానికి కారణం, మనం ఆ రెంటినీ మొదటి నుంచీ విడదీసి తయారుచేసుకోవడమే. మెదడులో అటువంటి విభజన ఎవరూ చేయలేదు; ప్రతి అనుభవమూ దాని కట్టడాన్నే కొద్దిగా మారుస్తుంది.

సాంఖ్యం అనే మన ప్రాచీన దర్శనం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మన వాళ్లలో చాలామంది పాశ్చాత్యుల లెక్క ప్రకారం మనసును ఒక వైపు, పదార్థాన్ని మరోవైపు పెట్టి, అదే మన సంప్రదాయమని కూడా అనుకుంటున్నారు. సాంఖ్యులు గీత గీసిన చోటు వేరు. మనసు, బుద్ధి, అహంకారం మూడూ వారి లెక్కలో ప్రకృతి పరిణామాలే. వాటిని చూసే పురుషుడు, అంటే చైతన్యం, మాత్రమే ప్రకృతికి వెలుపల ఉంటుంది. లెక్కలు చేయడం, గుర్తుంచుకోవడం, నిర్ణయించడం వంటి బుద్ధి పనులు ఒక యంత్రం చేస్తే సాంఖ్యుడు ఆశ్చర్యపోడు. ప్రకృతి పనిని ప్రకృతే చేస్తున్నదంటాడు. ఆ పని జరుగుతుండగా దానిని అనుభవించేవారు లోపల ఎవరైనా ఉన్నారా అని మాత్రం అడుగుతాడు. మెదడును నకలు తీసే ప్రణాళికలలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే సాధనం ఏదీ నాకు కనబడలేదు.

ప్రశ్న: నేను రాయగడ జిల్లాలో ఒక అల్యూమినా కర్మాగారంలో పనిచేస్తున్నాను. నియమగిరి మీద నియమరాజు అనే కొండదేవుడు ఉన్నాడని, కొండను తవ్వకూడదని డొంగ్రియా కొంధులు అన్నప్పుడు మా తోటివారిలో కొందరు దానిని మూఢనమ్మకమంటారు. బాక్సైట్ వట్టి రాయి, దానికి ప్రాణం లేదు, ఫోను నుంచి విమానం దాకా దాని నుంచి తీసే అల్యూమినియం కావాలి అన్నది వారి వాదం. రాతికి రాజు ఉంటాడా? నేను ఎవరి మాట ఒప్పుకోవాలి?
— ఒక ఉద్యోగి, రాయగడ

సమాధానం: రాతికి నొప్పి కలుగుతుందని నేను అనను. పైన పర్లాకిమిడి పాఠకురాలికి చెప్పిన కొలబద్దనే ఇక్కడా పెడితే బాక్సైట్‌కు మనసు లేదు. కాని మీ తోటివారి వాదంలోని ‘వట్టి’ అన్న మాట దగ్గర నేను ఆగుతాను. అది శాస్త్రం చెప్పిన మాట కాదు.

పదార్థం నుంచి రంగు, రుచి, వాసనలను తీసివేసి వాటిని చూసేవాడి ఖాతాలో వేసి, ఆకారం, పరిమాణం, చలనం వంటి కొలవదగిన గుణాలను మాత్రం పదార్థానికి మిగల్చాలని గెలీలియో 1623లో ప్రతిపాదించాడు. భౌతికశాస్త్రం సాధించిన విజయాలన్నిటి వెనుకా ఈ ఏర్పాటు ఉంది. మీ కర్మాగారం కూడా దాని బిడ్డే. అయితే అది పని జరగడం కోసం చేసుకున్న ఏర్పాటు. కొలవడానికి వీలుగా పక్కన పెట్టినదానిని, అసలు లేనిదిగా లెక్క కట్టడం తర్వాతివారు చేసిన పని. కొండలో ఎన్ని టన్నుల ఖనిజం ఉందో కొలవవచ్చు. ఆ కొండ ఎవరికి ఏమవుతుందో టన్నుల లెక్కలో రాదు. లెక్కలో రానంత మాత్రాన అది లేకుండా పోదు.

డొంగ్రియా కొంధుల భాష కువి మన తెలుగుకు దగ్గరి చుట్టం. వారికి నియమగిరి దేవుడి కొండే కాదు, పసుపు, అనాస, అరటి, పనస ఇచ్చే కొండ, వాగులు పుట్టే కొండ. కొండ నెత్తిన చెట్టు కొట్టకూడదన్నది నియమరాజు ఆజ్ఞ. ఆ ఆజ్ఞ వల్ల ఏమి నిలిచిందో శ్రీకాకుళం జిల్లా పాఠకులు కూడా తెలుసుకోవాలి. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధారకు ఆ కొండలలోనే పుట్టుక. ఒక నియమం దేవుడి పేరుతో చెప్పబడిందా, అటవీ శాఖ పేరుతో చెప్పబడిందా అన్నదానికంటే, అది దేనిని కాపాడుతున్నదో చూడడం వివేకం.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ విషయంలో ఇచ్చిన తీర్పు నాకు చాలా నచ్చింది. కొండమీద దేవుడు ఉన్నాడా లేడా అని కోర్టు విచారించలేదు. ఆ కొండతో ముడిపడిన మతపరమైన, సాంస్కృతికమైన హక్కులకు గని వల్ల భంగం కలుగుతుందా అన్నది అక్కడి గ్రామసభలే తేల్చాలన్నది. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 గ్రామసభలు ఆ ఏడాది వానాకాలంలో జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. రాయి మాట్లాడలేదు గనుక, దాని మీద బతికేవారిని అడిగారు. మాటలాడలేనిదాని విషయంలో న్యాయం ఎలా చేయవచ్చునో మన దేశంలో దీనికంటే మంచి ఉదాహరణ అరుదు.

లోహం కావాలన్న మాటను నేను కొట్టివేయడం లేదు. ఒక టన్ను అల్యూమినియానికి సుమారు రెండు టన్నుల అల్యూమినా, దానికి నాలుగైదు టన్నుల బాక్సైట్, ఆ పైన కరిగించడానికి 13 వేల యూనిట్లకు పైగా కరెంటు కావాలని నాకంటే మీకు బాగా తెలుసు. అల్యూమినా తీయగా మిగిలే ఎర్రమట్టి చెరువులను మీరు రోజూ చూస్తున్నారు. ఫోనులోని తెలివి బరువు లేనిదని, ‘క్లౌడ్’ అంటే ఎక్కడో గాలిలో తేలే సంగతి అని అనుకునేవారికి ఆ దృశ్యం తెలియదు. ఏఐ చెప్పే ప్రతి జవాబుకూ ఎక్కడో ఒక భవనంలో యంత్రాలు వేడెక్కుతాయి, వాటిని చల్లార్చడానికి నీరు, కరెంటు ఖర్చవుతాయి. ఒక్క బిట్ సమాచారాన్ని చెరిపినా కొంత వేడి విడుదల కాక తప్పదని భౌతికశాస్త్రవేత్త రాల్ఫ్ లాండవర్ 1961లోనే చూపించాడు. పదార్థం లేని ఆలోచన మనిషిలోనూ లేదు, యంత్రంలోనూ లేదు. ఆ పదార్థం ఎవరి కొండ నుంచి, ఎవరి సమ్మతితో వస్తున్నదన్న ప్రశ్నను మీ తోటివారితో మాట్లాడేటప్పుడు మీరు ఎత్తవచ్చు; కర్మాగారంలో పనిచేసే మనిషి ఎత్తితే దానికి విలువ ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆమె వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లతో మా బావగారు ఆమె గొంతును ఏఐలో తయారుచేశారు. ‘తిన్నావా అమ్మా’ అని అచ్చం అమ్మలాగే అడుగుతుంది, మనం ఏది అన్నా బదులు చెబుతుంది. అక్క రోజూ దానితో మాట్లాడి ఏడుస్తున్నది. తమ్ముడు తీసివేయమంటున్నాడు. ఏమి చేయాలి?
— ఒక పాఠకురాలు, గుణుపురం

సమాధానం: అమ్మా, మీ ఊరి చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చనిపోయినవారితో మాట్లాడే ఆచారం ఉండేది. 1970ల నుంచి వారి మధ్య ఉండి అధ్యయనం చేసిన పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త దానిని వివరంగా రాశాడు. కురన్ అనే పూజారి, చాలాసార్లు స్త్రీయే, పూనకంలోకి వెళితే ఆమె నోట చనిపోయినవారు మాట్లాడేవారు. బతికినవారు చుట్టూ కూర్చుని వారితో ఏడ్చేవారు, పోట్లాడేవారు, ఎందుకు పోయావని అడిగేవారు. చనిపోయినవారు కూడా నిష్ఠూరాలాడేవారు, నన్ను సరిగా చూడలేదని దెప్పేవారు. ఇది ఏళ్ల తరబడి అప్పుడప్పుడు జరిగేది. క్రమంగా పోయినవారి కోపం చల్లారి, వారు కుటుంబానికి మేలుచేసే పెద్దలుగా మారేవారు. ఇప్పుడు సవరలలో చాలామంది క్రైస్తవులు కావడంతో ఆ సంభాషణలు బాగా తగ్గిపోయాయి.

దీనిని ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లోని గొంతుకూ దీనికీ పైకి పోలిక కనిపించినా, లోపల చాలా దూరం ఉంది. అక్కడ మాట్లాడే దేహం ఉంది, బాధ తెలిసిన ఒక స్త్రీ ఉంది, వినే ఊరు ఉంది, సంభాషణకు ఒక ముగింపు ఉంది. మీ ఫోనులోని గొంతు మీ అక్క ఏది వినాలనుకుంటే దానికి దగ్గరగా ఉన్నదే చెబుతుంది. దెప్పదు, మారదు, ఎప్పటికీ వెళ్లిపోదు. దుఃఖానికి అది చోటు ఇస్తున్నది గాని కదలనివ్వడం లేదని నా అనుమానం. పైగా మీ అమ్మగారు ఎన్నడూ అనని మాటలను ఆమె గొంతుతో అనిపిస్తున్నారు. అందుకు ఆమె ఒప్పుకున్నారా?

అమ్మగారు స్వయంగా పంపిన మెసేజ్‌లను భద్రంగా మరోచోట దాచండి, అవి ఆమెవి. కొత్తగా బదులు చెప్పేదానిని ఆపివేయడం మంచిదని నా అభిప్రాయం, అయితే తమ్ముడు కోపంతో ఒక్కసారిగా తీసివేస్తే అక్కకు అది రెండవ చావు అవుతుంది. మీరు ముగ్గురూ బావగారితో కలిసి కూర్చుని, సంవత్సరీకం నాటికి ఆపుదామని ఒక మాట అనుకోండి. ఈలోగా అక్క దానితో మాట్లాడేటప్పుడు మీలో ఒకరు పక్కన ఉండండి. నిద్ర, తిండి తగ్గి, పని మీద ధ్యాస పూర్తిగా పోతే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి.